బండి పేరా, డీలరు షెడ్డా?



అశోక్ లేలాండ్ వారి కర్మాగారము 1980 నుండి మన హోసూరునందు కలదు. 2011లో వెలువడిన వారి ‘దోస్త్’ బండియు ఇచ్చటనే తయారైనది. అయినను రాయకోట టమాటా మండీకి బొలెరో పికప్పులును, టాటా ఏస్‌లును వచ్చుచునే యున్నవి. సొంత ఊరి సరకను అభిమానము మొదటి బేరము వరకే.

టమాటాలతో బండి నడిరాత్రి నిలిచిపోయినచో సరకు ఆగదు గదా! ఆ వేళ మెకానిక్కును పంపిన డీలరు వద్దనే రైతు రెండవ బండియు కొనును. ఒక్క విడిభాగమునకై నాలుగు దినములు త్రిప్పినవాని కంపెనీ పేరు ఆ ఇంట మరల వినబడదు. మామిడి కాలమున కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీల యెదుట బారులు తీరిన డ్రైవర్లను అడుగుడు. మైలేజీకంటె ముందు మెకానిక్కు పేరు చెప్పుదురు.

షోరూము దీపములు చూచి మురియక, వెనుకనున్న షెడ్డులోనికి పొండు. క్లచ్ ప్లేటు నిలువ యున్నదా, ఆదివారము పని జరుగునా యని అడుగుడు. బయానా ఆ తరువాత.