ముందు వెళ్లే బండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎవరి వృత్తి గురించి వాళ్లు నాలుగు మాటలు చెప్పాలన్నారు. మామూలు లారీలో పట్టని ట్రాన్స్‌ఫార్మర్లను, బాయిలర్లను ఫ్యాక్టరీ నుంచి సైటుకు చేర్చడం నా పని. ఎర్రజెండాలు కట్టుకుని మెల్లగా కదిలే ఆ పొడవాటి ట్రైలర్ల వెనక చిక్కుకుని మీరంతా ఎప్పుడో ఒకప్పుడు విసుక్కునే ఉంటారు.

1988లో రాయగిరి నుంచి హైదరాబాద్‌కు బుద్ధ విగ్రహాన్ని 192 చక్రాల బండి మీద తెచ్చారు. ఇప్పటికీ అందరూ ఆ చక్రాల గురించే చెప్పుకుంటారు. బరువు పెరిగితే చక్రాలు పెంచుకోవచ్చు. ఎత్తు పెరిగితే వంతెనను పైకి జరపలేం కదా! అందుకే మాకు బరువుకన్నా ఎత్తంటేనే భయం.

బండి కదలకముందే దారంతా ఒకసారి తిరిగి కొలుస్తాం. వంతెన మీద రాసిన అంకెను నమ్మి ఊరుకోం. ఆ అంకె రాశాక రోడ్డు మీద రెండుసార్లు తారు వేసి ఉంటే, ఆ మేరకు సందు తగ్గిపోతుంది. ఆర్చి వంతెనైతే మధ్యలో ఎత్తు, అంచుల్లో తక్కువ. వంతెన కింద రోడ్డు పల్లంగా ఉంటే మరో చిక్కు. లెక్కల క్లాసులో చాపం, జ్యా చదువుకున్నాం గుర్తుందా? పల్లం చాపమైతే పొడవాటి ట్రైలర్ జ్యా. ముందు చక్రాలు ఒక గట్టున, వెనక చక్రాలు ఇంకో గట్టున ఉంటే, మధ్యలో సరుకు రోడ్డు నుంచి ఇంకాస్త పైకి లేస్తుంది. కాగితం మీద పట్టిన బండి అక్కడ పట్టదు.

ప్రయాణంలో ట్రైలర్‌కు ముందు పైలట్ కారు వెళ్తుంది. దానికి నిలువుగా ఒక కర్ర. సరుకు ఎత్తుకన్నా కొన్ని అంగుళాలు ఎక్కువ పెడతాం. కర్ర దేనికైనా తగిలిందంటే వెనక బండి ఆగాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 17 మీటర్లు. కర్ర తగిలిందని చూసి, వాకీటాకీలో చెప్పి, డ్రైవర్ బ్రేకు మీద కాలు వేసేసరికి మూడు సెకన్లు పట్టిందనుకుందాం. అప్పటికే 50 మీటర్లు అయిపోయాయి. బండి ఆగడం ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకే పైలట్‌కూ ట్రైలర్‌కూ మధ్య తగినంత దూరం ఉండాలి.

ఇవి పాటించకపోతే ఏమవుతుందో 2013 మే 23న అమెరికాలో తెలిసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ నది మీది వంతెనపైకి ఒక ఎత్తైన లోడు వచ్చింది. పర్మిట్ ఉంది, ముందు పైలట్ కారు ఉంది, దానికి కర్రా ఉంది. లోడు ఎత్తు దాదాపు 16 అడుగులు. వంతెన పైన అడ్డంగా ఉన్న ఉక్కు చట్రం రోడ్డు మధ్యలో 17 అడుగులకు పైనే, కుడి అంచున మాత్రం 15 అడుగుల లోపే. లారీ కుడి లేన్‌లో వెళ్లి చట్రాన్ని కొట్టింది. వంతెనలో ఒక భాగం నదిలో కూలింది. రెండు వాహనాలు నీళ్లలో పడ్డాయి. వాటిలోని ముగ్గురూ బతకడం అదృష్టం. పైలట్ ఆ సమయంలో ఫోన్‌లో మాట్లాడుతున్నారని, లారీ మరీ దగ్గరగా వెనకే ఉందని విచారణలో తేలింది.

మన దగ్గర రైల్వే గేట్ల పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. అక్కడ తగలక్కర్లేదు, బాగా దగ్గరకు వెళ్లినా ప్రాణం పోతుంది. రైల్వే వాళ్లు కరెంటు ఆపామని చెప్పేదాకా మేం గేటు దాటం.

కర్ర, వాకీటాకీ ఎవరైనా కొనుక్కోవచ్చు. అర్ధరాత్రి, సైటు నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుండగా, వెనక కిలోమీటరు పొడవున హారన్లు మోగుతుండగా "ఆపండి, దిగి మళ్లీ కొలుద్దాం" అనగలిగే మనిషి కావాలి. ఆ మాట అన్న కుర్రాణ్ణి యజమాని కసిరితే, మరోసారి వాడు నోరు తెరవడు. ప్రమాదానికి పునాది అక్కడే పడుతుంది. ఈ సభలో రవాణా, కాంట్రాక్టు, ఫ్యాక్టరీ రంగాల్లో ఉన్న మిత్రులు చాలామంది ఉన్నారు. ముందు వెళ్లేవాడు ఆపమంటే ఆపండి. ఆలస్యానికి అతణ్ణి తప్పుపట్టకండి. మిగతావారికి ఒక్కటే మనవి: పైలట్ కారుకూ ట్రైలర్‌కూ మధ్య ఖాళీ కనిపిస్తే అందులో దూరకండి. ఆ ఖాళీ వాళ్లు ఆగడానికి ఉంచుకున్నది.