పేరు వేరు, వర్ణన వేరు

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మాట తాను చెప్పదలచిన వస్తువును ఎలా చేరుతుంది? తత్వశాస్త్రంలో తెగని ప్రశ్న ఇది. ఉదాహరణ కోసం మనమున్న ఈ పద్మనాభం ఊరు దాటి పోనక్కర్లేదు. 1794 జూలై 10న ఇక్కడే ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి విజయనగరం ప్రభువు విజయరామరాజు నేలకొరిగాడు. అయితే ఏ విజయరామరాజు? 1757లో బొబ్బిలి యుద్ధం వేళ తన డేరాలో హతుడైన రాజుదీ అదే పేరు. అందుకే పెద విజయరామరాజు, చిన విజయరామరాజు అని విడదీసి చెబుతాం.

ఒకే పేరు ఇద్దరికి ఉన్నట్టే, ఒకే వస్తువుకు రెండు పేర్లూ ఉండొచ్చు. తెల్లవారుజామున కనిపించే వేగుచుక్కా, పొద్దుగూకాక పడమట మెరిసే చుక్కా ఒకే శుక్రగ్రహం. వస్తువు ఒకటే అయినా మాటలు దాన్ని వేర్వేరు తీరుల్లో చూపిస్తాయని జర్మన్ తార్కికుడు ఫ్రేగే 1892లో విప్పి చెప్పాడు. మనం వాడే పేర్లు కుదించిన వర్ణనలేనని ఆ తర్వాత తత్వవేత్త రస్సెల్ అన్నాడు. ఆ లెక్కన చిన విజయరామరాజు అంటే ‘పద్మనాభం యుద్ధంలో మరణించిన రాజు’.

1970 జనవరిలో ప్రిన్స్‌టన్ ఉపన్యాసాల్లో 29 ఏళ్ల తత్వవేత్త సాల్ క్రిప్కీ రస్సెల్ మాటను కాదన్నాడు. క్రిప్కీ వాదనను మన రాజుకు అన్వయించి చూడండి. మచిలీపట్నం వెళ్లిపొమ్మన్న కంపెనీ ఆజ్ఞకు తలొగ్గి ఆయన వెళ్లిపోయి ఉంటే, ఈ యుద్ధమే జరిగేది కాదు. అప్పుడు ఆ వర్ణనకు తగిన మనిషే ఉండడు. విజయరామరాజు మాత్రం విజయరామరాజే. పేరు పెట్టిన నాటి నుంచి ఒకరి నోట విని ఇంకొకరు ఆ మనిషినే ఉద్దేశించి పలుకుతూ వచ్చారు. ఆయన ముఖమెరగని మన మాట కూడా ఆ వరుస పట్టుకునే ఆయన్ని చేరుతోంది.

కంపెనీ లెక్కల్లో ఆయన పేష్కషు (కప్పం) బాకీపడ్డ జమీందారు. ఇక్కడి జనానికి వీరుడు. మనిషి ఒక్కడే; ఎలా వర్ణించాలో తేల్చింది కలం పట్టినవాళ్లు. రేపు మీలో కొందరు తహసీల్దారు ఆఫీసులో, కొందరు పోలీసు స్టేషన్లో, కొందరు పత్రికల్లో ఆ కలం పడతారు. ‘ఆక్రమణదారు’, ‘అనర్హుడు’, ‘నిందితుడు’ అని రాసే ముందు ఆ మనిషిని పేరు పెట్టి పిలవండి, అతను చెప్పేది వినండి. మీరు రాసిన వర్ణన తప్పని తేలితే దాన్ని మీ చేత్తోనే కొట్టివేసే ధైర్యం కూడా ఉంచుకోండి.