గుంటలోకి నీళ్లు రాకముందే

మన రాయచూరు జిల్లాకు పైన కృష్ణ, కింద తుంగభద్ర. 2009 అక్టోబరు మొదట్లో రెండూ ఒకేసారి పొంగినాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిందంటే మాకు మళ్లీ నిద్రల్లేవు.

గుంట మగ్గానికి ఏరే రానక్కర్లేదు, జడివాన చాలు. ఇంట్లో ముందు నిండేది గుంటే. 2009లో మేము పిల్లల్ని, బియ్యాన్ని బయటికి తెచ్చినాం, పడుగును మగ్గం మీదే వదిలినాం. రంగు కారి నూలంతా పోయింది, అప్పు మాత్రం మిగిలింది.

ఇప్పుడు డ్యాం నీళ్లు వదులుతారని దండోరా వినబడగానే పడుగు కోసి, అచ్చుతో సహా చుట్టి అటక ఎక్కిస్తాం. కోయడానికి చెయ్యి రాదు, నిజమే. పోగులు మళ్లీ అతుక్కోవచ్చు గదా! నేతకార్డు, బ్యాంకు పుస్తకం, ఆధార్ ఒకే ప్లాస్టిక్ సంచిలో కట్టి దూలానికి వేలాడదీయండి. కండెల బుట్ట కూడా పైకెత్తండి, అప్పుడు మేము మరిచింది అదే.