అడగని దగ్గు

 

పొగతాగేవారి దగ్గు వైద్యుని ముందు ఫిర్యాదుగా వెలువడడం అరుదు. తెల్లవారగానే నాలుగుసార్లు దగ్గి, కళ్ళె ఉమ్మి, ఆపైన బీడీ వెలిగించే మనిషికి అది ముఖం కడుక్కోవడం లాంటి దినచర్య గనుక, దగ్గు ఉందా అంటే లేదనే చెబుతాడు. పొద్దున్నే కళ్ళె పడుతుందా, నడకలో ఈడువాళ్ళకంటే వెనకబడుతున్నారా అని విడమరచి అడిగితేనే "అది పొగ దగ్గేలెండి, ఆయాసమంటారా, వయసు మీద పడింది కదా" అన్న జవాబు వస్తుంది. వరసగా రెండేళ్ళు, ఏటా కనీసం మూడు నెలలు కళ్ళెతో దగ్గు ఉండి, దానికి వేరే కారణం కనబడనప్పుడు దానిని దీర్ఘకాలిక బ్రాంకైటిస్ అంటారు; ఊపిరితిత్తుల చివరనుండే గాలిగదుల గోడలు శిథిలమైతే అది ఎంఫిసీమా; ఈ రెండూ పాళ్ళు మారుతూ కలిసి, ఊపిరి బయటికి వెళ్ళే దారిని తిరిగి పూర్తిగా తెరుచుకోనంతగా ఇరుకు చేసినప్పుడు అది సీఓపీడీ.

ఆ ఇరుకు తొలిదశలో స్టెతస్కోపుకు వినబడకపోవచ్చు, ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. దానిని కొలిచి చూపేది స్పైరోమెట్రీ. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ ప్రచురించిన శ్వాసమాపక యంత్రానికి వారసురాలైన ఈ పరీక్షలో, ముక్కుకు క్లిప్పు పెట్టుకున్న రోగి గుండెనిండా గాలి పీల్చి, గొట్టంలోకి ఒక్కపెట్టున ఊది, పక్కనున్న టెక్నీషియన్ "ఊదండి, ఇంకా, ఇంకా" అంటుండగా ఊపిరి అడుగంటేదాకా ఊదాలి. శ్వాసనాళాలను వెడల్పు చేసే మందు ఇచ్చిన తర్వాత కూడా, మొదటి సెకనులో వెలువడిన గాలి మొత్తం గాలిలో 0.70 వంతుకంటే తక్కువగా ఉంటే దారి ఇరుకైందని నిర్ధారణ. రోగి సగంలో ఆపేస్తే అంకె అబద్ధమాడుతుంది గనుక, ఆ ప్రోత్సాహపు కేకలు కూడా పరీక్షలో భాగమే.

అయితే అంకె బాగుందని రోగిని పంపివేయడం తొందరపాటు. 2016లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో, స్పైరోమెట్రీ సక్రమంగా ఉన్న ప్రస్తుత, పూర్వ ధూమపాయులలో దాదాపు సగం మందికి దగ్గు, ఆయాసం వంటి లక్షణాలు గణనీయంగా ఉన్నాయి. అలాగని అందరికీ ఇన్‌హేలర్ రాసివేయడమూ సరికాదు. అటువంటివారికి శ్వాసనాళాలను వెడల్పు చేసే మందుల జోడీ మేలు చేయలేదని 2022లో మరో అధ్యయనం తేల్చింది. అసలు మందు పొగ మానడమే: పోయిన ఊపిరి చాలావరకు తిరిగిరాకపోయినా, మానిన తర్వాత తరుగుదల వేగం పొగ ఎరుగనివారి స్థాయికి దగ్గరవుతుందని 1977లో ఫ్లెచర్, పీటో చూపారు.

మన ప్రాంతంలో రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళెలో క్షయ క్రిములు వెతకడం అవసరమే, కానీ క్రిములు లేవని తేలాక దగ్గుమందు సీసాతో పంపివేస్తే, పొగ తాగుతారా అన్న రెండో ప్రశ్న అడగనట్లే. ఉత్తర కోస్తా పల్లెల్లో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలు ఉన్నారు. వారిలో కట్టెలపొయ్యి ముందు దశాబ్దాలు గడిపినవారూ ఉన్నారు. ఆడవారిని పొగతాగుతారా అని అడగడానికి వైద్యుడు మొహమాటపడితే, వారి కేసుషీటులో పొగ అలవాటు గడి ఖాళీగానే ఉండిపోతుంది.