నీళ్లు పట్టుకెళ్లినవాళ్లు ఏం చెప్పారు?

(తాగునీటి సమస్యపై పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో ఒక పరిశోధకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నీటి నాణ్యత మీద విద్యార్థులు చేసే పరిశోధనల గురించి మాట్లాడమన్నారు. నా తప్పుతోనే మొదలుపెడతాను.

పరిశోధన కోసం నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లు తిరుగుతున్న రోజులవి. బోరింగు దగ్గర సీసా నింపుకుంటుంటే, నడుము బాగా వంగిపోయిన ఒక అవ్వ నా పక్కకొచ్చి కూచుంది. "పోయినేడు గూడ మీ అసొంటోళ్లు వచ్చిండ్రు బిడ్డా. సీసలల్ల నీళ్లు పట్టుకపోయిండ్రు. అండ్ల ఏమున్నదో వచ్చి చెప్పలె. నువ్వన్న చెప్తవా?" అంది. చెప్తానన్నాను. చెప్పలేదు. ఆమె ఊరు నా థీసిస్‌లో 'ఎస్-14' అయింది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ పరిమితిని బాగా దాటిందని నాకు తెలుసు, మా గైడుకు తెలుసు, వైవాకు వచ్చిన పెద్దలకు తెలుసు. తాగుతున్న ఆమెకే తెలియదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ ఉందని వైద్య పరిశోధకులు 1937లోనే రాశారు. నల్లగొండ పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఏకంగా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే వచ్చింది. పటిక కొలిచి వేయడం, కలపడం, తేరేదాకా ఆగడం, అడుగు మడ్డి పారబోయడం - ఇదంతా ఏ ఇంట్లోనైనా ఎవరి పని? శాస్త్రవేత్తలు ఆ లెక్క ఎక్కడా వేసినట్టు నేను చూడలేదు.

ఫ్లోరైడ్ కంటికి కనపడదు, వాసన రాదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. కాచితే పోదు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తిండిలో కాల్షియం తక్కువైనవాళ్లకు ఎముకల నష్టం ఎక్కువ. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలు, పాలిచ్చే తల్లి ఆ లెక్కలో ఎక్కడుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

మరి చెప్పకపోవడానికి మాకు కారణం లేదా? ఉంది. ఊరి పేరు బయటపడితే అక్కడి ఆడపిల్లల్ని చేసుకోరు. ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. అందుకే 'ఎస్-14' అని రాశామన్నాం. పత్రికకు చెప్పకపోవడం సరే. ఊరికి చెప్పకపోవడం దేనికి? బయటికి చెప్పాలో వద్దో తేల్చుకోవలసింది ఆ ఊరి స్త్రీలు కదా! ఇంకొక సాకు, ఒక్క శాంపిలుతో చెప్తే భయపడతారని. నిజమే, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చూడాలి. ఆ మాట కూడా కలిపే చెప్పొచ్చు.

ఇంకోలా చేసినవాళ్లున్నారు. అమెరికాలో ఫ్లింట్ అని, నల్లజాతివాళ్లు, పేదలు ఎక్కువగా ఉన్న ఊరు. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడి నది నీళ్లు వదిలారు. పైపులు తినేయకుండా కలపవలసిన మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. లీఆన్ వాల్టర్స్ అనే తల్లి, పిల్లల ఒంటి మీద దద్దుర్లు చూసి ఆఫీసుల చుట్టూ తిరిగింది. నీళ్లు బాగానే ఉన్నాయన్నారు. ఆమె మార్క్ ఎడ్వర్డ్స్ అనే ప్రొఫెసర్‌ని పట్టుకుంది. 2015లో వర్జీనియా టెక్ విద్యార్థులు సుమారు మూడు వందల కిట్లు సర్ది పంపారు. మన దేశం నుంచి వెళ్లిన ఒక పరిశోధక విద్యార్థి ఆ బృందంలో ముందు నిలబడ్డాడు. ఇంటింటికీ కిట్లు పంచి, నీళ్లు పట్టించి, సీసాలు వెనక్కి చేర్చింది ఊరివాళ్లే. సీసం చూడాలంటే నల్లా కనీసం ఆరుగంటలు కదపకూడదు. అక్కడి అధికారులేమో పరీక్షకు ముందు నల్లా తిప్పి కాసేపు వదలమన్నారు! అలా వదిలితే సీసం ముందే కొట్టుకుపోతుంది. విద్యార్థులు ఫలితాలు ఆ ఇళ్లవాళ్లకే చెప్పారు, అందరిముందూ పెట్టారు. 2015 అక్టోబరులో నది నీళ్లు ఆపి పాత నీళ్లే మళ్లీ ఇచ్చారు.

మన దగ్గర తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి, మంచిదే. కానీ వంగిన ఎముక తిరిగి నిలబడదు, నల్లా రాని రోజు మళ్లీ బోరే దిక్కు. 2019 నాటి జలజీవన్ మిషన్ ప్రకారం ఊరికి ఐదుగురు స్త్రీలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలి. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో కనుక్కోండి. వాళ్లు చూసిన రంగు పైకి పంపేసి ఊరుకున్నారా, పంచాయతీ గోడ మీద రాశారా అడగండి. ప్రభుత్వ ప్రయోగశాల ఫలితాలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. తాగునీరు జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది, అదీ మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల కేసులోనే.

నాలాంటి విద్యార్థి సీసా పట్టుకుని మీ ఊరొస్తే, ఫలితం ఎప్పుడు చెప్తావో రాసివ్వమని అడిగాకే బోరింగు కొట్టనివ్వండి. చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి.

నేను మళ్లీ ఆ ఊరు వెళ్లేసరికి చాలా ఏళ్లు గడిచాయి. అవ్వ లేదు. ఆమె కోడలికి చెప్పాను. "గిప్పుడా?" అంది.

నీళ్లు తెచ్చినవాళ్లు భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. ఫ్లోరైడ్ చూడటానికి గాజు సీసా పనికిరాదు, ప్లాస్టిక్ సీసాలు తెచ్చాను. సీసా మీద బోరు ఎక్కడిదో, నీళ్లు ఏ రోజు పట్టారో రాయండి. కింద ఫలితం ఎవరికి చెప్పాలో ఆమె పేరు, చిరునామా రాయండి.