ఉత్తర ధ్రువసముద్రము చెప్పు సాక్ష్యము

(పఠనమందిర సభలో గావించిన యుపన్యాసము)



లోకమునకు కొననున్న మంచుసముద్రముతో మనకేమి పనియని మీలో కొందఱడుగవచ్చును. పంటకాలువలు, పన్నులు, పాఠశాలలు మున్నగు స్వదేశ సమస్యలెన్నియో యుండగా ఈ ప్రసంగమేలయనువారు మంచివారే. వారికి సమాధానము చెప్పుటకే నేడు మేము మీ యెదుట నిలిచితిమి.

ఆ సముద్రమును మానవుడెట్లు తెలిసికొనెనో ముందుగా వినుడు. 1893లో నార్వే దేశీయుడగు నాన్సెన్ “ఫ్రామ్” అను తన యోడను బుద్ధిపూర్వకముగా మంచులో చిక్కించెను. మంచు దానిని పిండి చేయునని అనుభవజ్ఞులు హెచ్చరించిరి. కాని ఆ యోడ పార్శ్వములు గుండ్రముగా నుండుటచే నలుగక పైకి లేచి, మంచుతో గూడ దాదాపు మూడేండ్లు కొట్టుకొనిపోయి, 1896లో క్షేమముగా వెలువడెను. లోతు తక్కువయని తలపబడిన ఆ సముద్రము 3,000 మీటర్లకు మించిన లోతుగలదనియు, చల్లని పైపొర క్రింద అట్లాంటిక్ నుండి వచ్చిన వెచ్చని నీరు గలదనియు ఆ యాత్రవలన దెలిసెను. పైనీటిలో ఉప్పు తక్కువ; అందుచే నది తేలికయై మూతవలె నిలిచి, క్రింది వేడిని మంచునకు సోకనీయదు.

2019లో జర్మనీవారి “పోలార్‌స్టెర్న్” నౌక అదే యుపాయమును చేపట్టెను. 20 దేశముల శాస్త్రజ్ఞులు వంతులవారీగా వచ్చి, మాసములకొలది సూర్యుడు కానరాని రాత్రియందును మంచు, నీరు, గాలి, మేఘములను కొలిచిరి. వారికాశ్రయమిచ్చిన మంచుపలక 2020 జూలై చివర ముక్కలై పోయెను. ఆ యేడు అక్టోబరులో వారు స్వదేశము చేరిరి.

ఈ కొలతలేమి చెప్పుచున్నవి? కృత్రిమోపగ్రహములు 1979 నుండి ఆ మంచును ఎడతెగక లెక్కించుచున్నవి. ఏటేట సెప్టెంబరు మాసమున మంచు మిక్కిలి తగ్గును. 1979 సెప్టెంబరులో దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటర్లుండెను. 2012లో నది 34 లక్షలకు దిగెను. అటుపై 2025 వరకు ఏ యేడును అంత తక్కువ కాలేదు. కావున భయము తీరినదని కొందఱందురు. అది సరికాదు. 2007 మొదలు 2025 వరకు గల ప్రతి యేటి కనిష్ఠమును, 1979 నుండి 2006 వరకు గల ఏ యేటి కనిష్ఠముకన్నను తక్కువయే. ఒక్క యేటి లెక్క వాదమునకు చాలదు. నలువది యేండ్ల లెక్క చాలును.

కారణము దుర్గ్రాహ్యము కాదు. బొగ్గు, చమురు కాల్చిన పొగ భూమిని వేడెక్కించుచున్నది. మంచు కప్పిన సముద్రము సూర్యకాంతిలో నెక్కువ భాగమును త్రిప్పికొట్టును; మంచు తొలగిన నల్లని నీరు నూటికి 90 పాళ్లకు పైగా మ్రింగును. మ్రింగిన వేడి మఱికొంత మంచును కరగించును. అందుచేతనే 1979 తరువాత ఆ ప్రాంతము లోకపు సగటుకన్న దాదాపు నాలుగు రెట్లు వేగముగా వేడెక్కెనని 2022లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చెను.

తేలియాడు మంచు కరగినంత మాత్రమున సముద్రమట్టము చెప్పదగినంత పెరుగదు. కాని ప్రక్కనేయున్న గ్రీన్‌లాండు మంచు భూమిపైనిది. అది కరగి పాఱిన నీరు సర్వసముద్రములకు చెందును. మన దివిసీమ గట్లను, కోనసీమ కొబ్బరితోటలను తాకు కెరటమందు గూడ దాని పాలున్నది. మనకేమి పనియను ప్రశ్నకిదియే మొదటి సమాధానము.

రెండవది ధర్మశాస్త్రమునకు సంబంధించినది. స్వాల్‌బార్డ్ ద్వీపములను గూర్చి 1920లో పారిసు నగరమున జరిగిన ఒడంబడికలో భారతదేశము పేరున్నది. నాడు మనలను సంప్రదింపకయే మన పేరిట ఆంగ్లప్రభుత్వమువారు సమ్మతి నొసంగిరి. ఆ హక్కును స్వతంత్ర భారతము సార్థకము చేసికొనెను. 2008లో అచ్చట “హిమాద్రి” యను పరిశోధనాలయమును నెలకొల్పెను. 2014లో అచ్చటి సముద్రశాఖలో 192 మీటర్ల లోతున కొలత యంత్రములను దింపెను. ఆర్కిటిక్ మండలికి, మన ఋతుపవనములకు గల సంబంధము ఆ పరిశోధకుల పరిశీలనలలో నొకటి.

అయినను, 2018లో తొమ్మిది దేశములును, యూరపు సమాఖ్యయును కలిసి మధ్య ఆర్కిటిక్ సముద్రమున, విషయము తెలియకమునుపే వలలు దింపరాదని యొడంబడిక చేసికొన్నవి. అది 2021లో అమలునకు వచ్చెను. మొదట శోధింపుము, పిదప అనుభవింపుమనునది ఉత్తమ న్యాయము. ఆ సంతకములలో మన దేశపు సంతకము లేదు. 2025 నాటికి స్వంత ధ్రువపరిశోధన నౌకయు మనకు లేదు.

మఱియొక విపత్తు గలదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధము మొదలైన పిదప రష్యాకును పాశ్చాత్యదేశములకును నడుమ శాస్త్ర సహకారము చాల వరకు తెగెను. ఆ సముద్రతీరమున సగమునకు పైగా రష్యాదే. వ్యవహారములో సాక్షి నోరు మూయించినచో న్యాయాధిపతి యేమి తేల్చగలడు? యుద్ధము చేయువారు పోరుచునే యున్నను, మంచు తన సాక్ష్యమును వాయిదా వేయదు. నేడు కొలువని దినము మఱల కొలుచుటకు రాదు.

ఇరుపక్షములతోను మాటలాడగల దేశము మనది. కావున కొలతలు ఆగకుండునట్లు మన ప్రభుత్వము మధ్యవర్తిత్వము నెఱపవలెను. 2018 నాటి యొడంబడికలో చేరుటకు యత్నింపవలెను. ప్రజాధనముతో సేకరించిన ఫలితములను తెనుగున అచ్చొత్తించి, ఇట్టి పఠనమందిరములకు పంపవలెను. ఇవి కోరుచు తీర్మానము వ్రాసి పంపుట ఈ సభకు తగిన పని. సంతకముల కాగితము ద్వారము వద్ద నుంచితిమి.