కోళ్ళకూ జాయినింగ్ టైమ్ కావాలి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు రాసినవాణ్ణి, పెద్ద విషయాలు చేతకావు. మా పెరట్లో జరిగిన కోళ్ళ బదిలీ గురించి మనవి చేసుకుంటాను.

మా ఆవిడ కాలం చేసి రెండేళ్ళయింది. ఆమె పెంచిన తొమ్మిది పెట్టలు, ఒక పుంజు నా ఛార్జిలోకి వచ్చాయి. పాత గూడు వానలకు నాని ఒక పక్కకు కుంగింది. లోపల కోడిపేలు. అబ్బాయి అమ్మేయమన్నాడు గాని నాకు మనసొప్పలేదు. మేస్త్రీని పిలిచి ఇటుకలతో కొత్త గూడు కట్టించాను. గాలికి పైన ఇనుప వల, రాత్రి వాలడానికి వెదురు బొంగులు, ముంగిస దూరకుండా కింద సిమెంటు గచ్చు.

పని పూర్తయిన నాడే పాత గూడు పడగొట్టించి, పట్టపగలు కోళ్ళను తరిమి తరిమి కొత్త గూట్లో వేశాను. మర్నాడు పొద్దున్నే వదిలేశాను. ఉత్తర్వు ఇచ్చాం, ఇక పాటించవలసిందే కదా అని నా ధీమా. సాయంత్రానికి అన్నీ పాత గూడు ఉన్న మట్టి దిబ్బ మీదికే చేరాయి. తొమ్మిదింటిని పట్టి లోపల వేశాను. మా ఆవిడ చేతి నూకలు తిని పెరిగిన నల్లపెట్ట కనబడలేదు. తెల్లవారి చూస్తే దిబ్బ పక్కన ఈకలే మిగిలాయి. తప్పు నాదే.

మాకు పాలు పోసే ముసలమ్మ నన్ను చీవాట్లు పెట్టింది. "పట్టపగలు తోలితే ఎట్టా బాబుగారూ? చీకటి పడ్డాక గంపలో పెట్టి మార్చాలి. వారం దాకా తలుపు తీయకూడదు" అన్నది. కోడికి చీకట్లో చూపు ఆనదు గనుక పెనుగులాడదు. తెల్లవారి ఎక్కడ కళ్ళు తెరిస్తే అదే ఇల్లని మెల్లగా అలవాటు పడుతుంది. పశువుల డాక్టరుగారినడిగి పేలకు మందు వేయించాను. లోపలే మేత, ఒక మూల పొర్లడానికి బూడిద, మా ఆవిడ నీళ్ళు పోసే పాత మూకుడు పెట్టాను. ఎనిమిదోనాడు పొద్దు వాలే ముందు తలుపు తీశాను. దీపాలవేళకు తొమ్మిదీ వాటంతటవే లోపలికి వచ్చాయి.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డులు మోయించినవాణ్ణి. బీరువాలు ఒక్కరోజులో చేరాయి. రైతులు మాత్రం చాలాకాలం పాత తాలూకా కచేరీ మెట్ల మీదనే వచ్చి కూర్చునేవారు. ఆనాడు వారిని విసుక్కున్నాను. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

బదిలీ అయిన ఉద్యోగికి జాయినింగ్ టైమ్ ప్రభుత్వమే ఇచ్చింది. తోడు పోయిన తల్లినో తండ్రినో పట్నం తీసుకువెళ్ళే పిల్లలకు నాదొక విన్నపం. మీ ప్రేమను శంకించను. కాని పాత గూడు ఆనాడే పడగొట్టకండి. మా మూకుడు మా వెంట రానివ్వండి. తోటి పెన్షనర్లకూ ఒక మాట. వారం తిరక్కుండానే దిబ్బ మీదికి పరుగెత్తవద్దు.

మా అబ్బాయి హైదరాబాదు రమ్మంటున్నాడు. వచ్చే నెల వెళ్ళి నెల్లాళ్ళు ఉండి చూస్తాను. ఇంటికి తాళం వేస్తాను, అమ్మను. కోళ్ళకు మళ్ళీ బదిలీ లేదు, పాలమ్మ రోజూ వచ్చి మేత వేస్తానన్నది.